హాలోపెరిడాల్ వాడుతున్న మా అన్నయ్యకు దవడ ఎందుకు ఆడుతోంది? – సమాధానం

కందుకూరు నుంచి అడిగిన మిత్రులకు నమస్కారం. మానసిక జబ్బులో వచ్చే భ్రమలకు ఇచ్చే హాలోపెరిడాల్‌ను ఏళ్లుగా వాడుతున్న మీ అన్నయ్యగారికి మొదట్లో చేతులు వణికి ఒళ్లు బిగుసుకుపోయేదనీ, ఇప్పుడు నోట్లో ఏమీ లేకపోయినా దవడ ఆడుతూ నాలుక బయటికొస్తోందనీ రాసి, రెండూ ఒకటేనా అని అడిగారు.

ఒకటి కావు. ఈ మందు మెదడులో డోపమైన్ అనే రసాయన సంకేతాన్ని అందుకునే డీ2 గ్రాహకాలను అడ్డుకుంటుంది. భ్రమలు తగ్గేది అందువల్లే గానీ, కదలికలను నియంత్రించే స్ట్రయేటం అనే మెదడు భాగంలో సుమారు 80 శాతం గ్రాహకాలు మూసుకుపోతే, డోపమైన్ అదుపు తప్పిన ఎసిటైల్‌కోలిన్ అనే మరో రసాయనం పైచేయి సాధించి వణుకు, బిగుతు వస్తాయి. అప్పుడు వాడిన, ఎసిటైల్‌కోలిన్ ప్రభావాన్ని తగ్గించే మందు ట్రైహెక్సీఫెనిడిల్ పనిచేసింది అందుకే.

ఇప్పటిది టార్డివ్ డిస్కినీసియా, అంటే ఇలాంటి మందులు చాలాకాలం వాడాక వచ్చే అసంకల్పిత కదలికలు, కావచ్చు. చాలాకాలం సంకేతం అందని కణాలు గ్రాహకాలను పెంచుకుని, కొద్దిపాటి డోపమైన్‌కే అతిగా స్పందిస్తాయన్నది ప్రధాన వివరణ. అయితే మందు మానిన తర్వాత కూడా కొందరిలో ఈ కదలికలు ఏళ్లపాటు నిలిచిపోతాయి కనుక, ఆ ఒక్క కారణమే చాలదని నా అభిప్రాయం. ఈ దశలో ట్రైహెక్సీఫెనిడిల్ మేలు చేయకపోగా కదలికలను పెంచవచ్చు.

బంధువులు చెప్పారని మందును ఒక్కసారిగా ఆపకండి. అడ్డు తొలగిన గ్రాహకాల వల్ల కదలికలు ఎక్కువ కావచ్చు, అసలు జబ్బు తిరగబెట్టవచ్చు. ఒంగోలులోనో నెల్లూరులోనో మానసిక వైద్యులకు ఆ కదలికల వీడియో చూపించి, ఇలాంటి కదలికలను తక్కువగా తెచ్చే క్లోజపైన్ అనే మందుకు మారడం గురించీ, నాడీకణాల్లో డోపమైన్ నిల్వను తగ్గించే టెట్రాబెనజైన్ గురించీ అడగండి. ఆయనకు ఎప్పుడైనా కుంగుబాటు వచ్చి ఉంటే, టెట్రాబెనజైన్ దాన్ని పెంచగలదు కాబట్టి, ఆ సంగతి ముందే చెప్పండి.