ఒకే బిల్డింగ్, ఒకే విస్తీర్ణం, రేటెందుకు వేరు?

అలిపిరి రోడ్డు వైపు ఒకే అపార్ట్‌మెంట్‌లో రెండు ఫ్లాట్లూ 1,200 చదరపు అడుగులే, అయినా ఐదో అంతస్తు పడమర ఫ్లాట్ కంటే రెండో అంతస్తు తూర్పు ఫ్లాట్‌కి ఆరు లక్షలు ఎక్కువ చెబుతున్నారు, ఇది మోసమా అని అడిగారు కదండీ. అప్పుడే టెన్షన్ పడకండి.

ముందు ఆ 1,200 దేని లెక్కో అడగండి. సూపర్ బిల్టప్ అయితే మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటా కూడా అందులో కలిపేస్తారు. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం కార్పెట్ ఏరియా అంటే ఫ్లాట్ లోపల మనం వాడుకునే నేల, లోపలి గోడలతో సహా. బయటి గోడలు, బాల్కనీ లెక్కలోకి రావు. రెండింటి ధరనీ ఈ కార్పెట్ ఏరియాతో భాగించి చూడండి, తేడా చాలావరకు అక్కడే తేలిపోవచ్చు. కారు పార్కింగ్ ధరలో కలిసి ఉందా, స్థలంలో మీ పేరు మీద రిజిస్టర్ అయ్యే వాటా ఎంత అన్నవీ రాయించుకోండి.

తూర్పు గుమ్మానికి మన దగ్గర గిరాకీ ఎక్కువ, రేపు మీరు అమ్మినా తొందరగా పోతుంది, కాబట్టి కొంత ఎక్కువ అడగడం మామూలే. వాస్తు పట్టింపు లేకపోతే నేనైతే ఐదో అంతస్తుదే గట్టిగా బేరమాడతాను. ఉత్తరం బాల్కనీ నుంచి శేషాచలం కొండలు కనిపిస్తాయని అదనంగా అడిగితే మాత్రం, ఆ పక్క ఖాళీ స్థలంలో రేపు ఇంకో బిల్డింగ్ లేస్తుందేమో కనుక్కోండి. ఐదో అంతస్తు ఫ్లాట్ పైన నేరుగా టెర్రస్ ఉంటే ఎండాకాలం మధ్యాహ్నం ఒకసారి వెళ్లి, స్లాబ్ వేడీ, చెమ్మ మరకలూ చూసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.