వరంగల్ దిక్కు ఇల్లు కడుదామంటే మేస్త్రీలు, కూలీలు ఎందుకు దొరుకుతలేరు?

మీరు అడిగిన దానికి జవాబు తర్వాత. ముందుగాల ఒక మాట: దీపావళి దగ్గర్ల స్లాబ్ పెట్టుకోకండి. నేను పెట్టుకున్న.

2025 అక్టోబర్. మడికొండ దగ్గర మా ఇంటికి మొదటి స్లాబ్. సెంట్రింగ్ రేకులు పరిచిన్రు, రాడ్ కట్టుడు ముప్పావు వంతు అయింది. కట్టేటోళ్లు ఐదుగురు బిహార్ పిల్లలు. ఒకరోజు పొద్దుగాల పోయి చూస్తే సైట్ల ఒక్కడే ఉన్నడు, సంచి సర్దుకుంటున్నడు. "ఛఠ్ హై సార్, ఫిర్ ఓట్ భీ హై" అన్నడు. కాజీపేటల దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కిన్రు, పోయిన్రు. ఛఠ్ అంటే బిహారోళ్ల సూర్యుని పండుగ, అది 28కి అయిపాయె. బిహార్ అసెంబ్లీ ఓట్లేమో నవంబర్ 6న, 11న. నడుమ వచ్చి మళ్ల పోవుడెందుకని ఆడనే ఉన్నరు.

లోకల్ వాళ్లను తెద్దామని తెల్లారకముందే కూలీల అడ్డా మీదికి పోయిన. పత్తి ఏరే దినాలాయె. ఆడోళ్లంత ఆటోలు నిండ ఊర్లకు పోతున్నరు, ఆడ కిలో లెక్కన పైసలు. మన తట్ట మోయ ఎవరొస్తరు? అంతల 29న మొంథా తుఫాను వాన. హన్మకొండల కాలనీలకు కాలనీలే మునిగినయి, నా రాడ్ ఎర్రగ తుప్పు పట్టింది. రేకుల కిరాయి మాత్రం ఒక్కరోజు ఆగలే.

ఆఖరికి అరవై దాటిన సుతారి మేస్త్రి ఒకాయన దొరికిండు. వైరు బ్రష్‌తోని తుప్పంత రుద్దిపిచ్చిండు, రాడ్ రేకుకు ఆనకుంట కింద పెట్టే కవర్ బిళ్లలు ఒక్కొక్కటి వంగి చూసుకున్నడు. ఛాయ్ గ్లాసు పట్టుకున్న చేతులు చూసిన: సిమెంటుకు వేళ్ల సందులు పలిగి, పసుపు రాసుకున్నడు. కొడుకుల సంగతి అడిగిన. పెద్దోడు దుబాయ్‌ల సుతారి పనే, చిన్నోడు ఈడనే బండి మీద తిండి పార్సిళ్లు మోస్తడట.

"ఈడ తాపీ పట్టుకుంటే పిల్లనిస్తలేరు సారూ. దుబాయ్‌ల పట్టుకుంటే ఇస్తున్నరు."

ఇగ నన్నడిగితే, మనుషుల కరువు ఏం లేదు. "సదువుకోకుంటే ఇటుకలు మోస్తవ్ బిడ్డా" అని ఇంటింటికి బెదిరించింది మనమే. శనివారం ఇచ్చే వారం కూలి, బట్వాడా, సోమవారానికి జరిపేది మనమే. కాంట్రాక్టర్లు తక్కువేం తినలేదు, మూడు సైట్ల బయానా తీసుకొని మూడు దిక్కుల ముఖం దాపెడుతరు. కట్టుడు పనోళ్లకు సర్కారు ఇచ్చే లేబర్ కార్డు 18 నుంచి 60 ఏళ్ల లోపోళ్లకే. నలభై ఏండ్లు గోడలు కట్టిన ఆ పెద్దమనిషికి కార్డే లేదు, ఇప్పుడు అడిగినా ఇయ్యరు.

మీరైతే స్లాబ్ పత్తి ఏరుడు అయినంక పెట్టుకోండి. బయానా తక్కువియ్యండి, బట్వాడా మాత్రం శనివారం పొద్దు గూకకముందే ఇయ్యండి.

నవంబర్ ఆఖర్ల ఆ ఐదుగురిల ముగ్గురు తిరిగొచ్చిన్రు. స్లాబ్ కిందికెళ్లి పైకి చూసి "హమారా దావత్ కిధర్ సార్?" అన్నరు. పెట్టిన మరి. ఇంక ప్లాస్టరింగ్ అంత అట్లనే ఉన్నది.