గుమ్మం దగ్గర ఆగిపోకు

సత్యనారాయణపురం, విజయవాడ

చిట్టితల్లికి అమ్మమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి పావుగంట ఏడ్చింది. బెంగళూరు ఉద్యోగం మానేశావట, ఇక్కడికొచ్చి పేదల ఇళ్ల కోసం పనిచేస్తావట, ఢిల్లీ దాకా వెళ్లి అర్జీలు ఇస్తారట. "నీ మాటైతే వింటుంది, కాస్త చెప్పమ్మా" అంది. చెప్తాలే అన్నాను. లోపల ఎంత గర్వంగా ఉందో మాత్రం దానికి చెప్పలేదు. మీ తాతయ్య పిచ్చి మీ అమ్మని వదిలేసి నిన్ను పట్టుకుంది. మానేయమని నేననను, అన్నా నువ్వు వినే రకం కాదు. కానీ ఈ ఉత్తరం చివరిదాకా చదువు. వాట్సాప్ మెసేజీలా పైపైన చూసి లవ్ గుర్తు పెట్టి వదిలేయకు.

అందరికీ తెలిసినవి ముందు చెప్పేస్తా. ప్రతి అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లు, ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకో. ఎన్టీఆర్ జిల్లా కలెక్టరేట్లో సోమవారం అర్జీలు తీసుకుంటారు, పొద్దున్నే వెళ్లు. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడుగు, 30 రోజుల్లో ఇవ్వాలి. జనం దగ్గర జిరాక్సు ఖర్చు కూడా తీసుకోకు. నువ్వు పది రూపాయలు ముట్టుకుంటే వీధి చివరికి వెళ్లేసరికి అది పది వేలవుతుంది. ఇంకోటి, పసుపు చీర కట్టుకుని మీటింగుకి వెళ్లకు. నీలం కూడా వద్దు. నవ్వకు, ఈ ఊళ్లో పుట్టినదానివి, నీకు తెలుసు.

ఏది ఎక్కడ అడగాలో తెలియక సగం ఉద్యమాలు రైలు చార్జీలకే అయిపోతాయి. భూమి రాష్ట్రాల జాబితాలోది. ఢిల్లీ వెళ్లి "మాకు స్థలం ఇప్పించండి" అంటే మర్యాదగా టీ ఇచ్చి పంపిస్తారు. అక్కడ అడగాల్సింది డబ్బు గురించి, నిబంధనల గురించి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్నాలకు 2015 జూన్‌లో వచ్చింది. సొంత స్థలంలో కట్టుకునేవాళ్లకు కేంద్రం వాటా లక్షన్నర. 2024లో రెండో విడత మొదలుపెట్టారు. రాష్ట్రం కనీసం లక్ష కలపాలన్నారు గానీ మనలాంటి రాష్ట్రాలకు కేంద్రం వాటా అదే లక్షన్నర. ఈ మధ్యలో ఇనుము, సిమెంటు, మేస్త్రీ కూలీ ఎక్కడికెళ్లాయో ఇల్లు కట్టిన ఎవరినడిగినా చెప్తారు. ఎంపీ చేత పార్లమెంటులో ఆ ప్రశ్న వేయించండి. నక్షత్రం గుర్తున్న ప్రశ్నయితే మంత్రి లేచి నోటితో చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు. గుర్తు లేనిదైతే జవాబు రాతలో వస్తుంది. టీవీలో కనబడాలని మీ పిల్లలందరికీ మొదటిదే ఇష్టంగా ఉంటుంది. నాకు రెండోదే ఇష్టం. అంకె రాసిచ్చాక కాదనడం కష్టం.

స్థలం ఎక్కడ, ఎన్ని గజాలు, రోడ్డూ నీళ్లూ ఎప్పుడు, ఇవి వెలగపూడిలో, రాష్ట్ర సచివాలయంలో అడగాలి. ప్రభుత్వం మారినప్పుడల్లా ఆ లెక్క మారుతుంది. 2020 డిసెంబరు 25న మొదలుపెట్టి ఇచ్చిన పట్టాలు పట్నంలో సెంటు చొప్పున, అంటే 48 గజాల చిల్లర. ఇప్పుడు పట్నంలో రెండు సెంట్లు, పల్లెలో మూడు అంటున్నారు. అమరావతిలో ఆర్-5 జోన్ సంగతి చూశావుగా, రాజధాని కోసం రైతులిచ్చిన భూముల్లో పేదల ఇళ్లకని వేరుచేసిన చోటు. 2023 మే నెలలో గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల పేదలకు అక్కడ పట్టాలిచ్చారు, ఆగస్టులో హైకోర్టు ఇళ్ల నిర్మాణం ఆపమంది. రైతుల బాధ రైతులది, పేదల బాధ పేదలది, తీర్పు చెప్పడానికి నేనెవర్ని? మన వీధిలో పూలమ్మే ఆవిడ ఆ పట్టా పాలిథిన్ కవర్లో పెట్టుకొచ్చి "ఇది ఉంచుకోవాలా అమ్మగారూ, పారేయాలా?" అని అడిగింది. ఉంచుకోమన్నాను. ఇంతకంటే ఏం చెప్పాలో నాకు తోచలేదు. నువ్వు ఆ పని చేస్తానంటున్నావు కాబట్టి నువ్వు చెప్పగలగాలి.

ఇక అసలు విషయం. మీ తాతయ్య గురించి నీకందరూ గొప్పలే చెప్పి ఉంటారు. ఆయన చేసిన పొరపాటు ఎవరూ చెప్పరు. నేను చెప్తా, చదువుకున్న పిల్లలు అదే పొరపాటు ఇంకా తేలిగ్గా చేస్తారు గనక.

మీ అమ్మ హైస్కూల్లో ఉన్న రోజులవి. కాలువ కట్ట మీద గుడిసెలు తీయించేసి ఊరి బయట పక్కా ఇళ్లిస్తామన్నారు. ఆయన ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేసి, ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తిని కట్ట మీదకి కమిటీ మీటింగుకి వెళ్లేవారు. టీచర్ని కాబట్టి అర్జీలన్నీ నా చేతిరాతే. ఇళ్లు ఎవరికివ్వాలో లిస్టు రాసే పని ఆఫీసర్లు కమిటీకే వదిలేశారు. అదే పెద్ద గెలుపనుకుని ఆ రోజు అందరికీ మిఠాయి పంచారు. ఆయన ఎర్ర పెయింటు డబ్బా, బ్రష్షు పట్టుకుని ప్రతి గుడిసె తలుపు మీదా నంబరు వేశారు. ఒక గుడిసె, ఒక నంబరు, ఒక పేరు. రూళ్లు గీసి ఫెయిర్ చేస్తే లిస్టు ముత్యాల్లా ఉంది.

ఆ గుడిసెల్లోకి వెళ్తే చీర అడ్డం కట్టుకుని ఇటొక కాపురం, అటొక కాపురం. వెనక తాటాకు పంచ దింపుకుని ఇంకొకటి. ముందున్నవాళ్లు ఓనర్లు, వెనకున్నవాళ్లు వాళ్లకి నెలనెలా అద్దె కట్టేవాళ్లు. మీ తాతయ్యకి తెలియక కాదు, వాళ్ల గ్లాసుల్లో రోజూ టీ తాగిన మనిషే. అద్దెవాళ్లని కూడా రాస్తే సంఖ్య పెరిగి పైన మొత్తం లిస్టునే పక్కన పడేస్తారని ఒక ఆఫీసరు ఆయన చెవిలో వేశాడు. "ముందు వీళ్లకి రానీ, వాళ్లని రెండో లిస్టులో పెడదాం" అన్నారు నాతో. ఆ రెండో లిస్టు పుట్టనే లేదు.

41వ నంబరు వెనక పంచలో ఇడ్లీలమ్మే ఆవిడ ఉండేది. గుడిసెలు తీసేరోజు ముందువాళ్లు చీటీ తీసుకుని, సామాను ట్రాక్టరెక్కించుకుని వెళ్లిపోయారు. ఆవిడ రేషను కార్డు తిరువూరు దగ్గర అత్తగారి ఊళ్లో ఉంది. చీటీలిచ్చే బల్ల దగ్గర "కార్డున్న ఊళ్లోనే అడుక్కో పో" అన్నారట. అక్కణ్ణుంచి తిన్నగా మనింటికొచ్చింది. కేకలేస్తుందనుకున్నా. రుబ్బురోలు మన పెరట్లో పెట్టుకోమని, చోటు దొరగ్గానే తీసుకెళ్తానని అడిగింది. మీ తాతయ్యే మోసుకొచ్చి పెట్టారు. ఆర్నెల్లకి రిక్షా తెచ్చి తీసుకెళ్లింది, ఇంకో కాలువ కట్టకి, ఇంకొకరి గుడిసె వెనక్కి. ఈసారి అద్దె ఎక్కువట.

పోనీ లిస్టులో పేరున్నవాళ్లైనా సుఖపడ్డారా? కొందరు పడ్డారు, అబద్ధమాడకూడదు. తోపుడు బండి మీద కూరగాయలమ్మే ఆయనకి మాత్రం మూడో అంతస్తు వచ్చింది. బండి మెట్లెక్కుతుందా? కింద పెడితే రాత్రికి రాత్రి చక్రాలు పోయాయి. లబ్బీపేటలో అంట్లు తోముకునే ఆడవాళ్లకి వచ్చే జీతంలో సగం ఆటోలకే పోయింది. కొంతమంది ఆ ఇళ్లు అద్దెకిచ్చేసి మళ్లీ కట్ట మీదకే చేరారు. "చూశారా, ఇళ్లిచ్చినా ఉండరు వీళ్లు" అని ఊరంతా అంది. ఆ మాట నీకు ఆఫీసుల్లో ఇప్పటికీ వినబడుతుంది. కోప్పడకు. ఆ మనిషి నెలకి ఆటోకి ఎంత పెట్టాలో కాగితం మీద లెక్క వేసి ముందు పెట్టు.

అందుకని సర్వేకి వెళ్లినప్పుడు గుమ్మం దగ్గర ఆగిపోకు. లోపలికెళ్లి ఎన్ని పొయ్యిలున్నాయో చూడు, పొయ్యికొక వరస రాయి. నిబంధనలో కుటుంబమంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. ఊళ్లో మామగారి పేరున పక్కా ఇల్లుంటే అది వీళ్ల ఇల్లు కాదు. కింద రాసేవాళ్లు అదీ ఇదీ కలిపేసి పేరు కొట్టేస్తుంటారు, నిబంధన చదివి వినిపించు. రెండో విడత పథకంలో అద్దె ఇళ్లు కట్టించే విభాగం కూడా ఉంది, వలస వచ్చిన కూలీలకీ, ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్లకీ. సొంతింటి తాళం చేతిలో పెడితే ఫొటో వస్తుంది, అద్దె ఇంటికి ఎవరొస్తారు ఫొటోకి? మీరు ఢిల్లీలో గట్టిగా అడగాల్సింది దాని గురించేనని నా ఉద్దేశం.

కోర్టంటే మీ పిల్లలకి మోజెక్కువ. 1985లో బొంబాయి పేవ్‌మెంట్ల మీద ఉండేవాళ్ల కేసు, ఓల్గా టెల్లిస్ కేసు, ప్రతి ఉపన్యాసంలో వినిపిస్తుంది. బతుకుతెరువు కూడా బతికే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు చెప్పింది, నిజమే. అదే తీర్పులో వానాకాలం పోయాక వాళ్లని తీసేయొచ్చనీ చెప్పింది. ఆ సగం ఎవరూ చదవరు. నువ్వు రెండు సగాలూ చదువు.

నాకు నీళ్లంటే భయమని నీకు తెలుసు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, వాంబే కాలనీ మునిగినప్పుడు చూశాను, పేదలకిచ్చిన నేల ఎంత పల్లమో నీళ్లే చూపించాయి. ఇళ్ల స్థలం చూపించడానికి వేసవిలో జీపులో తీసుకెళ్తారు. నువ్వు శ్రావణంలో వెళ్లి చూడు. పడవలో కాదు, నీళ్లు రాకముందే. ఆ వానలకే మొగల్రాజపురంలో కొండచరియ పడి మనుషులు పోయారు. వాన పడుతుంటే సర్వే అంటూ కొండ మెట్లెక్కావా, నేనే వచ్చి చెవి పట్టుకుని దింపుతా. మోకాళ్లు సహకరించకపోయినా సరే.

శీతాకాల సమావేశాలకి ఢిల్లీ వెళ్తారని మీ అమ్మ చెప్పింది. అక్కడి చలి బెంగళూరు చలి కాదు, బీరువాలో మీ తాతయ్య శాలువా ఉంది, పట్టుకెళ్లు. మీ అమ్మని నేను ఒప్పిస్తాలే, నాలుగు రోజులు టైమివ్వు. మీ మొదటి లిస్టు తయారవగానే ఫెయిర్ చేయకముందే నాకు చూపించు. కొట్టివేతలున్న కాగితమే తీసుకురా.

ప్రేమతో,
అమ్మమ్మ