పాప గీసిన పిట్టతో లాకెట్టు: చేతినగల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డిస్లెక్సియా (చదవడం, రాయడం నేర్చుకోవడంలో వచ్చే ఇబ్బంది) ఉన్న పిల్లల కోసం, లేదా వాళ్ల బొమ్మలు, రాతలు ఆధారంగా నగలు చేయాలనుకునేవాళ్లవే. వాటిలో కొన్నింటికి జవాబులివి.

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. డిస్లెక్సియా ఉందని తేలింది. చదవడానికి తంటాలు పడుతుంది గానీ పిట్టల బొమ్మలు భలే గీస్తుంది. అందులో ఒక పిట్టను టెర్రకోట లాకెట్టుగా చేసి పుట్టినరోజుకు ఇవ్వాలనుకుంటున్నాను. చెవి బుట్టలు, పూసలు చేయడం వచ్చు. బొమ్మ దించబోతే మాత్రం గీతల అంచులు లేచిపోయి ముద్దముద్దగా వస్తోంది. ఎండబెడితే పలక వంగిపోతోంది కూడా. (ఒక తల్లి, నల్గొండ)

జవాబు: మట్టి ఇంకా పచ్చిగా ఉండగానే గీస్తున్నారు. అందుకే అంచులు లేస్తున్నాయి. పచ్చిమట్టిలో సూది నడిస్తే మట్టిని కోయదు, పక్కకు నెడుతుంది. పలకను పరిచాక నీడలో వదిలేయండి. వేలితో నొక్కితే గుంట పడకూడదు, గోటితో గీస్తే మాత్రం గీత పడాలి. అదీ అదను. ఎండాకాలంలో గంటన్నరకే వస్తుంది, ముసురు రోజుల్లో సగం రోజు పట్టొచ్చు.

ముందు కొలత చూసుకోండి. పచ్చి మట్టి ఆరి, కాలేసరికి సుమారు పదో వంతు దాకా చిక్కుతుంది. నాలుగున్నర సెంటీమీటర్ల లాకెట్టు కావాలంటే పచ్చి పలక 5 సెం.మీ. ఉండాలి. మందం 5 మి.మీ. చాలు. అంతకు తగ్గితే కొక్కెం దగ్గర విరుగుతుంది, పెరిగితే మెడకు బరువు. ఈ కొలతకు 20 గ్రాముల మట్టి పడుతుంది. పక్కన పూసలు, ఒక జత బుట్టలు కూడా కలుపుకుంటే పావు కిలో మట్టి తెచ్చుకోండి, మిగులుతుంది కూడా. కుమ్మరి మట్టి అయితే నీళ్లలో కలిపి పాత నూలు చీరతో వడగట్టాలి. చిన్న ఇసుకరాయి ఉన్నా గీత అక్కడ తెగుతుంది. ప్యాకెట్ మట్టికి ఆ బాధ లేదు గానీ, పది నిమిషాలు గట్టిగా పిసకడం మానకండి. లోపల గాలి బుడగ మిగిలితే ఆ చోట పలక బలహీనపడి, కాల్చేటప్పుడు చిట్లుతుంది.

పాప బొమ్మను జెరాక్స్‌లో లాకెట్టు కొలతకు కుదించి, ట్రేసింగ్ పేపర్ మీద దించండి. ఆ కాగితాన్ని అదనుకొచ్చిన పలక మీద పెట్టి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్ రీఫిల్‌తో నెమ్మదిగా గీతల వెంట పోండి. కాగితం తీసేశాక అదే రీఫిల్‌తో రెండోసారి గీసి, గీతను ఒక మి.మీ. లోతుకు దింపండి. గీతకూ గీతకూ మధ్య 2 మి.మీ. ఖాళీ లేకపోతే ఆ సందులోని మట్టి రాలిపోతుంది. రెక్కలో ఈకలు మరీ దగ్గరగా ఉంటే ఒకటి విడిచి ఒకటి దించండి. అంతకు మించి బొమ్మను సరిదిద్దకండి. ముక్కు పొడుగైనా, ఒక కాలు కురచైనా అలాగే ఉండనివ్వండి. నోటుబుక్కులో రోజూ ఎర్రసిరా దిద్దుబాట్లు చూసే పిల్లకు తన పిట్టను కూడా దిద్ది ఇస్తే ఆ లాకెట్టు ఆమెది కాదు, మీది. గీతల పక్కన లేచిన మట్టి పొట్టును అప్పుడే గీకొద్దు. పూర్తిగా ఆరాక గట్టి బ్రష్‌తో తుడిస్తే దానంతటదే రాలుతుంది.

కొక్కెం కన్నం పై అంచుకు 4 మి.మీ. కిందికి, అగ్గిపుల్ల మందాన పొడవండి. ముందు నుంచి సగం, వెనక నుంచి సగం పొడిస్తే వెనక పెచ్చు లేవదు.

పలక వంగడానికి కారణం ఒకవైపే ఆరడం. న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి, పైన తేలికపాటి పుస్తకం ఉంచి, పూటకోసారి తిప్పుతూ మూడు నాలుగు రోజులు నీడలోనే ఆరనివ్వండి. ఫ్యాన్ గాలి కూడా వద్దు. చెంపకు ఆనిస్తే చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

కాల్చడం రెండు దశల పని. పాత ఇనప మూకుట్లో రెండంగుళాల ఇసుక పోసి, దానిమీద ముక్కలు పరిచి, సన్నని మంట మీద గంటసేపు ఉంచండి. మిగిలిన తేమ మెల్లగా పోతుంది. ఈ దశ దాటేసి నేరుగా మంటలో పెడితే లోపలి తేమ ఒక్కసారిగా ఆవిరై లాకెట్టు టప్పుమని పగులుతుంది. ఆ తర్వాత ఆరుబయట, మట్టికుండలో ఊక నింపి, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా అందులో సర్ది, చుట్టూ పిడకలు పేర్చి అంటించండి. మూడు గంటలు కాలనిచ్చి, పూర్తిగా చల్లారాకే తీయండి. తొందరపడి పటకారుతో బయటికి లాగితే చల్లగాలికి చీలుతుంది. నల్లగా వస్తే కంగారు పడొద్దు. గాలి అందక మసి లోపలికి దిగిందన్నమాట. మళ్లీ వేడెక్కించి, మూత లేకుండా కణకణలాడే నిప్పుల మీద కాలిస్తే ఎర్రబడుతుంది. సరిగ్గా కాలిన ముక్కను గోటితో కొడితే ఖంగుమంటుంది. మైక్రోవేవ్‌లో, కేకుల ఓవెన్‌లో ఈ పని జరగదు. ఓవెన్ 250 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మట్టి నీళ్లకు కరగని స్థితికి రావాలంటే 600 డిగ్రీలు దాటాలి.

రంగుకు ఒక చిట్కా: ముదురు అక్రిలిక్ రంగును గీతల్లోకి రుద్ది, పైభాగాన్ని వెంటనే తడిగుడ్డతో తుడిచేయండి. పిట్ట ఒక్కటే తేలి కనిపిస్తుంది.

ప్రశ్న: అక్టోబరులో డిస్లెక్సియా అవగాహన స్టాల్ పెడుతున్నాం. తిరగేసిన తెలుగు అక్షరాలతో 30 రాగి లాకెట్లు చేయాలని మా ఆలోచన. ఏ అక్షరాలు బాగుంటాయి? రాగి మీద కొట్టే అచ్చులు ఎక్కడ దొరుకుతాయి? (ఒక ఉపాధ్యాయురాలు, కాకినాడ)

జవాబు: తిరగేసిన అక్షరాల ఆలోచన మానుకుంటే మంచిది టీచరుగారూ. ఇంగ్లిషులో ‘బి’, ‘డి’ చిన్నక్షరాలు ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు కాబట్టి అక్కడ ఆ గుర్తు వాడుకలోకి వచ్చింది. తెలుగులో ‘ద’ను తిరగేస్తే ఇంకో అక్షరం రాదు. మన పిల్లలు తడబడేది ప, వ, మ దగ్గర, ద, ధ, థ దగ్గర, గుణింతంలో పొట్టీ పొడుగుల దగ్గర, ఒత్తుల దగ్గర. పైగా డిస్లెక్సియా కంటి లోపం కాదు. మాటలోని ధ్వనులను విడదీసి అక్షరాలకు జోడించడంలో వచ్చే ఇబ్బంది. అక్షరాలు తిరగబడి కనిపించడమే డిస్లెక్సియా అని జనంలో ఇప్పటికే ఒక అపోహ ఉంది. మీ స్టాలే దాన్ని పెంచకూడదు కదా.

దానికి బదులు, పిల్లలు ఇష్టంగా రాసిన ఒక్కో మాటను వాళ్ల చేతిరాతలోనే రాగి మీదికి తేవచ్చు. తెలుగు అక్షరాల ఉక్కు అచ్చులు (పంచ్‌లు) హార్డ్‌వేర్ దుకాణాల్లో ఇంగ్లిషు సెట్లలా తేలిగ్గా దొరకవు. దొరికినా అందరి రాతా ఒకేలా ఉంటుంది. 22 గేజి రాగి రేకును, అంటే సుమారు 0.7 మి.మీ. మందం, 3 సెం.మీ. బిళ్లలుగా కోయించండి. అంచులు ఆకురాయితో రాసి, పాత్రల పౌడరుతో తోమి, ఆ తర్వాత వేలు తగలకుండా అంచులతోనే పట్టుకోండి. జిడ్డు ఉన్నచోట మార్కర్ నిలవదు. పిల్లలు ఆయిల్ ఆధారిత పర్మనెంట్ మార్కర్‌తో దానిమీద నేరుగా రాస్తారు. ఇక మిగతాదంతా పెద్దవాళ్ల పని. వెనక వైపు, అంచులు ప్యాకింగ్ టేపుతో మూసి, ప్లాస్టిక్ డబ్బాలో రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం పోసి, బిళ్లను రాత కిందికి ఉండేలా పైనుంచి టేపుతో వేలాడదీయండి. ముఖం పైకి పెడితే కరిగిన మడ్డి గీతల మధ్య పేరుకుని, ద్రావణం రాగిని సమంగా తినదు. అరగంట తర్వాత తీసి చూసుకుంటూ, గోరు ఆనేంత లోతు వచ్చాక ఆపండి. గంట వరకు పట్టొచ్చు. నీళ్లలో కడిగి, వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి, మార్కర్‌ను స్పిరిట్‌తో తుడిస్తే రాత ఉబ్బెత్తుగా నిలుస్తుంది. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. వాడిన ద్రావణం సింకులో పోయకండి. పైపులు తినేస్తుంది, అందులో కరిగిన రాగి మురుగునీటికీ చేటే.

దారం ఎరుపు పెట్టండి. అక్టోబరులో చాలా దేశాల్లో డిస్లెక్సియాకు గుర్తుగా ఆ రంగే వాడుతున్నారు. లాకెట్టుతో ఇచ్చే కార్డు మీద నినాదం కన్నా పనికొచ్చే ముక్క అచ్చేయించండి: 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నేర్చుకోవడంలో ఎదురయ్యే ఈ ప్రత్యేక ఇబ్బందులను గుర్తించింది, సీబీఎస్‌ఈ పరీక్షల్లో ఇలాంటి పిల్లలకు అదనపు సమయం ఇస్తారు. స్టాల్‌కు వచ్చే తల్లిదండ్రుల్లో ఈ సంగతి తెలియనివాళ్లు ఉంటారు.

ప్రశ్న: బాబు మొదటిసారి తప్పు లేకుండా రాసిన తన పేరు కాగితం ముక్కను రెజిన్‌లో పెట్టాను. కాగితం నూనెలో తడిసినట్టయింది, ఇంకు పాకింది. మూడు రోజులైనా పైన జిగురుగానే ఉంది. (ఒక పాఠకురాలు, తణుకు)

జవాబు: రెజిన్ కాగితంలోకి ఇంకిపోయింది. ఇకముందు కాగితానికి రెండు వైపులా, అంచులకు కూడా, ఫెవికాల్ పల్చగా రెండు పూతలు వేసి ఆరనివ్వండి. ఒక్క సూదిమొనంత ఖాళీ ఉన్నా అక్కడినుంచి మరక పాకుతుంది. జెల్ పెన్ను రాత తడి ఫెవికాల్‌కే పాకుతుంది కాబట్టి అసలు కాగితం దాచుకుని, లేజర్ ప్రింట్ తీసి అది వాడండి. జిగురు మిగిలిందంటే రెండు సీసాల (రెజిన్, దాన్ని గట్టిపరిచే మందు) పాళ్లు తప్పాయి. కొన్ని కంపెనీల పాళ్లు బరువు ప్రకారం, కొన్నింటివి కొలత ప్రకారం ఉంటాయి. సీసా మీద చూసి, బరువైతే చిన్న డిజిటల్ త్రాసు వాడండి. గట్టిపడే మందు కాస్త ఎక్కువ పోస్తే త్వరగా బిగుస్తుందనుకోవడం పొరపాటు. అప్పుడే అసలు బిగవదు. కలపడం మూడు నిమిషాలకు తగ్గకూడదు, గిన్నె అంచులు గీకి కలపాలి. వానాకాలంలో గాలి తేమకు కూడా పైన తెల్లటి పొర కడుతుంది. కిటికీలు తెరిచి, గ్లవ్స్‌తో చేయండి. బాబు చేత మాత్రం కలిపించకండి.

ప్రశ్న: మనవడు రెండో తరగతి. చదివేటప్పుడు అక్షరాలు మింగేస్తాడు. చేతికి వేసుకునే పూసల పట్టీ ఏదైనా చేస్తే చదువుకూ పనికొస్తుందా? (ఒక తాతగారు, అనకాపల్లి)

జవాబు: పనికొస్తుందండీ. సోవియట్ మనస్తత్వవేత్త ఎల్కోనిన్ పిల్లల చేత ఒక్కో ధ్వనికి ఒక్కో బిళ్లను గడిలోకి జరిపించేవారు. అదే సూత్రం పూసలకు పెట్టుకోవచ్చు, ఒక్కో అక్షరానికి ఒక్కో పూస. మీకు దగ్గర్లోనే ఏటికొప్పాక ఉంది. అక్కడి అంకుడు కర్ర, లక్క పూసలు నునుపుగా ఉంటాయి. చెట్ల రంగులు వేసినవే అడిగి తీసుకోండి.

15 మి.మీ. పూసలు ఐదు, 2 మి.మీ. మందం నూలు తాడు కావాలి. తాడు పూసలో కాస్త బిగువుగా నడవాలి. వదులైతే పూసలు వాటంతటవే జారిపోతాయి, లెక్క తప్పుతుంది. వదులుగా ఉంటే తాడును మైనంతో రుద్దండి. ఐదు పూసలూ ఒక పక్క చేరాక ఇంకో పక్క 5 సెం.మీ. తాడు ఖాళీగా ఉండేట్టు రెండు చివరలా ముడి వేయండి. మిగతా తాడు మణికట్టు చుట్టూ కట్టడానికి. ‘పలక’ అంటూ మూడు పూసలు జరుపుతాడు. ‘పుస్తకం’కి కూడా మూడే: పు, స్త, కం. ఒత్తును విడిగా లెక్కపెట్టించకండి. పూసలన్నీ ఒకే రంగువి ఎంచుకోండి. రంగురంగులవైతే ఎర్ర పూస అంటే ‘ప’ అని పిల్లవాడు బట్టీ పట్టేస్తాడు. ఎప్పుడూ ఎడమ చేతికే కట్టండి, కుడి ఎడమల తికమకకు కూడా పనికొస్తుంది. స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గరికి తీసుకెళ్లడం మాత్రం మానొద్దు. నీళ్లలో నానితే లక్క తెల్లబారుతుంది, స్నానానికి ముందు తీసేయమనండి.

ప్రశ్న: ఇక్కడ మట్టి కాల్చే వీలు లేదు. పాలిమర్ క్లేతో (మామూలు ఓవెన్‌లోనే గట్టిపడే ప్లాస్టిక్ ముద్ద) తెలుగు అక్షరాల పెండెంట్లు చేస్తే అంచులు గోధుమరంగుకు మాడుతున్నాయి. (ఒక పాఠకురాలు, డాలస్)

జవాబు: ఓవెన్ మీది అంకెను నమ్మకండి. విడిగా ఒక ఓవెన్ థర్మామీటర్ లోపల పెట్టి చూడండి, ఇరవై డిగ్రీల తేడా మామూలే. చాలా రకాలకు 110 నుంచి 130 సెల్సియస్ మధ్య, ప్రతి 6 మి.మీ. మందానికి అరగంట పడుతుంది. మీ ప్యాకెట్ మీద ఉన్నదే ప్రమాణం. ట్రే మీద టైలు పెట్టి, పైన అల్యూమినియం ఫాయిల్‌ను గుడారంలా కప్పండి. అక్షరాన్ని కోయకుండా 3 మి.మీ. తీగలా దొర్లించి చుట్టండి. ‘ఓ’, ‘అ’, ‘ల’ లాంటి గుండ్రటివి అలా అందంగా కుదురుతాయి. పిల్ల వేలితో ఆ తీగ వెంట అక్షరాన్ని తడిమి చూడొచ్చు కూడా.

ప్రశ్న: మా బాబు మెడలో ఏది వేసినా నోట్లో పెట్టుకుని నములుతాడు. (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: రంగు వేసిన మట్టి, రెజిన్, చవక మిశ్రమలోహపు బిళ్లలు ఏవీ వద్దు. ఆ లోహాల్లో సీసం, నికెల్ ఉండొచ్చు. 925 వెండి బిళ్ల చేయించండి. గొలుసు బదులు నూలు దారం, వెనక లాగితే ఊడిపోయే ప్లాస్టిక్ క్లాస్ప్ పెట్టండి. నిద్రలో తీసేయాలి. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే పూసలు వాళ్లకు అందనివ్వకండి.

ప్రశ్న: మా పాప బొమ్మలతో చేసిన నగలు అమ్ముదామనుకుంటున్నాం. ట్యాగ్ మీద పాప ఫొటో, డిస్లెక్సియా కథ వేస్తే బాగా పోతాయంటున్నారు. ధర ఎలా పెట్టాలి? (దంపతులు, విజయవాడ)

జవాబు: పోతాయేమో గానీ, వేయకండి. ఆ ట్యాగ్ రేపు పాప క్లాసు పిల్లల చేతికీ చేరుతుంది. ‘ఒక తొమ్మిదేళ్ల పాప గీసిన బొమ్మ’ అన్నంతవరకు చాలు. అదైనా పాపను అడిగి, ఒప్పుకుంటేనే. అమ్మకానికి పెట్టకూడని బొమ్మలు ఏవో ఆమెనే ఏరి పక్కన పెట్టమనండి.

ధరలో సామాను, పనిగంటలు, పాడైన ముక్కలు మూడూ ఉండాలి. సామాను 60 రూపాయలు, రెండు గంటల పని గంటకు 100 చొప్పున 200 అనుకుంటే 260. కాల్చేటప్పుడు పదింటిలో రెండు పోతాయనుకుంటే, మిగిలిన ఎనిమిదే ఆ పదింటి ఖర్చునూ మోయాలి, అంటే ఒక్కోటి 325. దానిమీద బొమ్మ గీసినందుకు పాప వాటా కలపండి. ఆ డబ్బు ఇంటి ఖర్చులో కలవకుండా పాప పేరు మీదున్న బ్యాంకు ఖాతాలో వేయండి.