ముందు కరివేపాకు వెయ్యి, అమ్ములూ

చిరంజీవి అమ్ములుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మీ పెదనాన్న కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసి, "నర్సరీవాడు పిల్లని బాగానే బుట్టలో వేశాడు" అన్నారు. ఇరవై రెండు కుండీలు! అందులో స్ట్రాబెర్రీ రెండు, లావెండర్ ఒకటి. మే నెలలో, హైదరాబాద్ ఎండలో, మూడో అంతస్తు మేడ మీద. మాడిపోక ఏం చేస్తాయి? నీ చెయ్యి మంచిది కాదని ఎవరో అన్నారట, దానికి నువ్వు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదట. చేతికేం, బంగారంలాంటి చెయ్యి. మా వీధి గుమ్మంలో ముప్పై ఏళ్ళ నందివర్ధనమే రోహిణి కార్తెలో తల వేలాడేసింది.

ఫోన్లో చెబితే ఊఁ కొట్టి మర్చిపోతావు కాబట్టి రాస్తున్నాను. మృగశిర వచ్చి వారమైంది. ఆ రోజున మీ ఊళ్ళో చేపల మార్కెట్ల దగ్గర నిలబడ్డానికి చోటుండదు కదా, మా ఊళ్ళో విత్తనాల డబ్బాలు కిందికి దిగుతాయి. ఇప్పుడు మొదలుపెడితే సగం పని వానే చేసిపెడుతుంది.

ఈసారి నర్సరీకి వెళ్ళకముందు వంటింట్లోకి వెళ్ళు. వారం రోజులు నువ్వు ఏ ఆకు ఎన్నిసార్లు వాడావో గమనించు. కరివేపాకు రోజూ, కొత్తిమీర రెండు రోజులకోసారి, ఆకుకూర వారానికి రెండుసార్లు. ఆ మూడూ వేసుకో, చాలు. లావెండర్‌ని నువ్వు ఆదివారం మాత్రం చూస్తావు. కరివేపాకు దగ్గరికి పొయ్యి మీద నూనె కాగుతుండగా పరిగెడతావు. పరిగెత్తినప్పుడు మట్టి ఎండిందా, ఆకు ముడుచుకుందా, చీమలు పాకుతున్నాయా అన్నీ కంట పడతాయి. మొక్కలు పెంచడం అంటే నాకు తెలిసింది ఇంతే.

నర్సరీలో కొన్న మొక్కని ఇంటికి తెచ్చిన రోజే కుండీ మార్చకు. అక్కడ అమ్మేవాటిలో చాలా భాగం మా కడియం వైపు నుంచి లారీల్లో వచ్చినవే. గోదావరి నీళ్ళు తాగి, నీడపట్టున పెరిగిన పిల్లలు. వారం రోజులు నీడలో ఉంచి, తర్వాత పొద్దుటి ఎండ, ఆ తర్వాతే పూర్తి ఎండ. కొత్త కోడలిని వచ్చిన రోజే పొయ్యి దగ్గర నిలబెడతామా? (మా అత్తగారు నిలబెట్టింది, అది వేరే కథ.)

మట్టికి రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు, గుప్పెడు వేపపిండి. తడిపి పిడికిలి బిగించి వదిలితే ముద్ద విచ్చుకోవాలి. ఎరువు మాగిందో లేదో వాసన చూస్తే తెలుస్తుంది, తొలకరి మట్టి వాసన రావాలి. ఒక ఏడు నేను తొందరపడి పచ్చి పేడ వంకాయ మొక్కలకు వేశాను. పది రోజుల్లో మొక్కలన్నీ వాడిపోయాయి. తవ్వి చూస్తే బొటనవేలంత తెల్ల పురుగులు, వేర్లన్నీ కొరికేసి హాయిగా చుట్ట చుట్టుకుని పడుకున్నాయి. కోళ్ళకి ఆ రోజు పండగ.

నీళ్ళు టైమ్ చూసి పొయ్యకు. వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చు, తడి తగిలితే వదిలెయ్యి. కుండీల కింద ఆ ప్లాస్టిక్ పళ్ళేలు తీసేయ్, నీళ్ళు నిలిచి వేర్లు కుళ్ళుతాయి, దోమలు కూడా. వేసవి మొక్కల్ని ఎంత చంపుతుందో, ప్రేమగా పోసిన నీళ్ళూ అంతే చంపుతాయి.

ఇక కరివేపాకు. మొదటి ఏడాది అది పెరుగుతున్నట్టే కనిపించదు, టెన్షన్ పడకు. ఆకులు దూయకు, రెమ్మ మొత్తం విరుచుకో. మొక్క మోకాలెత్తు వచ్చాక కొసలు తుంచు, పక్కల నుంచి కొమ్మలు వేసి గుబురవుతుంది. పులిసిన మజ్జిగ నీళ్ళలో కలిపి పదిహేను రోజులకోసారి పొయ్యి. మా అమ్మ పోసింది, నేను పోస్తున్నాను.

ఒకరోజు దాని ఆకు మీద పిట్ట రెట్ట కనబడుతుంది. గోధుమరంగు మీద తెల్ల మచ్చ, తడితడిగా. నువ్వు నీళ్ళతో కడగబోతావు, అది కదులుతుంది. భయపడకు, అది గొంగళి. పిట్టలు తినకుండా రెట్ట వేషం వేసింది. నాలుగు రోజులకి తొడుగు వదిలి పచ్చగా, బొద్దుగా తయారవుతుంది. అప్పుడు పుల్లతో మెల్లగా తాకి చూడు, తల వెనకనుంచి నారింజరంగు కొమ్ములు రెండు బయటికి తీసి ఒక రకమైన ఘాటు వాసన కొడుతుంది. నీ మీద కోపం అన్నమాట. తర్వాత కొమ్మకి నడుముచుట్టూ దారం కట్టుకుని గూడులో నిద్రపోతుంది. వారం పది రోజులకి రెక్కలు తడిగా ముడుచుకున్న సీతాకోకచిలుక బయటికొచ్చి, అవి ఆరేదాకా అక్కడే వేలాడుతుంది. ఆ పొద్దున ఆఫీసుకి అరగంట లేటుగా వెళ్ళు. నేను ప్రతి ఏడూ కరివేపాకు చెట్టుకి రెండు కొమ్మలు వాటికి వదిలేస్తాను. మొక్క బాగా చిన్నదైతే మాత్రం రెండు గొంగళ్ళే గుండు చేసేస్తాయి, అప్పుడు పక్కింటి నిమ్మచెట్టు మీదికి మార్చు. గొంగళి ఆ ఆకూ తింటుంది. పక్కింటావిడకి చెప్పకు.

తోటకూర విత్తనం ఆవగింజలో సగం ఉంటుంది. గుప్పెడు ఇసుకలో కలిపి చల్లితే సమంగా పడుతుంది. నెల తిరక్కుండా పీక్కోవచ్చు. వేర్లతో పీకిన పది నిమిషాల్లో పప్పులో వేసి చూడు, బజారు తోటకూర మళ్ళీ తెచ్చుకోవు. గోంగూర కూడా వెయ్యి, కొసలు తుంచిన కొద్దీ ఆకు ఇస్తుంది. కానీ నువ్వు గోంగూర పప్పు ఉడకలేదని రెండుసార్లు ఫోన్ చేశావు, గుర్తుందా? కందిపప్పు, గోంగూర కలిపి కుక్కర్లో పెడితే పులుపు తగిలి పప్పు బిరుసెక్కుతుంది. పప్పు మెత్తగా ఉడికాకే, విడిగా మగ్గబెట్టిన గోంగూర కలపాలి. చింతపండు దాని దరిదాపులకు తీసుకురాకు.

చిక్కుడు ఇప్పుడే పెట్టు, పెద్ద కుండీలో, తాడు కట్టి. సెప్టెంబరు వచ్చేసరికి తీగ మేడంతా అల్లుకుంటుంది, ఒక్క పువ్వూ ఉండదు. నువ్వు ఎరువు తక్కువైందని ఇంకా వేస్తావు. వెయ్యకు. మన నాటు చిక్కుడు పగలు చిన్నదైతేనే పూస్తుంది, ఎంత బతిమాలినా చలికాలం రావాల్సిందే. రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టేది ఎందుకనుకున్నావు, అప్పటికి కాపు మీద ఉండేది అదే మరి. పూతకి నల్లగా పేనుబంక పడుతుంది. నీళ్ళు గట్టిగా కొట్టు, మంచు తడి ఉండగా జల్లెడ పట్టిన బూడిద చల్లు. అదీ తగ్గకపోతే లీటరు నీళ్ళకి చెంచాడు వేపనూనె, నాలుగు చుక్కలు సబ్బునీళ్ళు, సాయంత్రం పూట. మొదట మాత్రం ఆకు కింద చూడు. ఎర్రటి వీపు మీద నల్ల చుక్కలున్న అక్షింతల పురుగులు ఉన్నాయంటే అవే ఆ పేను తింటాయి. వాటి పిల్లలు తల్లిలా ఉండవు, చిన్న మొసళ్ళలా నల్లగా, గరుకుగా ఉంటాయి. నేను చాలా ఏళ్ళు వాటిని పురుగులనుకుని నలిపేశాను. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది.

బజారులో దొరికే ఘాటు మందులు కొట్టకు. పిచ్చుకలు గింజలు తింటాయి కానీ గూట్లో పిల్లలకి పురుగులే పెడతాయి. మట్టి మూకుట్లో నీళ్ళు పెట్టి రోజూ మార్చు. సంక్రాంతికి వచ్చినప్పుడు వరి కంకుల కుచ్చు ఇస్తాను, వరండాలో కట్టుకో. మీ ఊళ్ళో పావురాలే వస్తాయేమో, నా పూచీ లేదు.

మీ గేటు దగ్గర నల్ల కుక్క సంగతి. అల్లుడు దానికి మిగిలిన సాంబారన్నం పెడుతున్నాడట. మంచి మనసే, కానీ ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కలకు పడవు, రక్తం దెబ్బతింటుంది. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కూడా పెట్టనివ్వకు. దానికోసం వేరే వండక్కర్లేదు. పప్పు ఉడికాక ఉప్పూ పోపూ పడకముందే ఒక గరిటె తీసి, అన్నంలో మెత్తగా కలిపి చల్లార్చి పెట్టు. కోడిగుడ్డు ఉడికించిన రోజు సగం ముక్క. రోజూ ఒకటే చోట, ఒకటే వేళకి, పిల్లలు తిరిగే మెట్ల దగ్గర కాదు. మచ్చికయ్యాక రేబిస్ టీకా వేయించండి, ఏటా మర్చిపోకుండా. ఎప్పుడైనా పన్ను తగిలిందంటే, చిన్న గీతే అయినా సరే, పసుపూ కారమూ పెట్టకుండా సబ్బుతో పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి తిన్నగా ఆసుపత్రికి వెళ్ళండి. ఇక్కడ మాత్రం పెద్దవాళ్ళ చిట్కాలు వినకు, నావి కూడా.

మా పిల్లి మళ్ళీ బియ్యం డబ్బా వెనక పిల్లల్ని పెట్టింది, మూడు. మీ పెదనాన్న "ఈ ఇంట్లో అద్దె కట్టేది నేనొక్కడినే" అంటారు. రాత్రి దాని కోసం చేప ముక్కలో ముళ్ళు తీస్తూ కూర్చునేదీ ఆయనే.

కంద బచ్చలి అడిగావు కదా. బచ్చలి గింజలు వేసుకోవద్దు, కాడ పాతితే చాలు. కంద కోసేటప్పుడు చేతులకి నూనె రాసుకో, లేకపోతే సాయంత్రం దాకా గోక్కుంటావు. ముక్కలు చిన్నవిగా తరిగి, బచ్చలాకుతో కలిపి పసుపు వేసి ఉడికించు. ముక్క చిదిమితే చిదిమినట్టు రావాలి, పలుకుంటే గొంతు దురద. చింతపండు గుజ్జు, ఉప్పు వేసి దగ్గర పడనివ్వు. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరప, పచ్చిమిరప, అల్లం, ఇంగువ, నీ కరివేపాకు, అన్నీ పోపులో ఘుమ్మనాలి. ఇక ఆవ. చెంచాడు ఆవాలు చల్లటి నీళ్ళు చిలకరించి మెత్తగా నూరి, కూర దింపి గోరువెచ్చగా అయ్యాక, ఒక చెంచా పచ్చి నూనెతో కలుపు. పొయ్యి మీద ఉండగా వేశావో, ఘాటు పోయి చేదు మిగులుతుంది. నేను పెళ్ళైన కొత్తలో అలాగే చేసి పదిమంది చుట్టాలకి వడ్డించాను. ఎవరూ ఏమీ అనలేదు, మజ్జిగ మాత్రం ముందే అడిగారు.

శనివారం మా వీధిలో వాళ్ళబ్బాయి హైదరాబాద్ వస్తున్నాడు. బచ్చలి కాడలు ఆరు, తడి గోనెగుడ్డలో చుట్టి పంపుతున్నాను. మూడు ఎర్రకాడవి, మూడు పచ్చవి. వచ్చిన సాయంత్రమే పాతు, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా. కింద ఏది, పైన ఏది అని తికమక పడతావని పైకొసలకి ఎర్ర దారం కట్టాను.

మీ పెద్దమ్మ