భర్త యూ.ఎన్. మిషన్‌కి వెళ్తే చిన్నపిల్లలతో క్వార్టర్‌లో ఉండాలా, ఊరికి వచ్చేయాలా?

చెల్లెమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆర్మీలో ఉన్న మీ ఆయన దక్షిణ సూడాన్‌లో యూ.ఎన్. మిషన్‌కి, అంటే ఐక్యరాజ్యసమితి శాంతి సేనలో డ్యూటీకి, ఎంపికయ్యారు. పాపకి నాలుగేళ్ళు, బాబుకి ఏడు నెలలు. ఇప్పుడున్న మిలట్రీ స్టేషన్‌లోనే క్వార్టర్‌లో ఉండిపోవాలా, టెక్కలి దగ్గర అత్తవారి ఊరికి వచ్చేయాలా, పాపకి ఏమని చెప్పాలి, అసలు మేమూ వెంట వెళ్ళే వీలుందా అని అడిగావు.

చివరిదానికి ముందు చెప్పేస్తాను. వీలు లేదు. బెటాలియన్‌తో మిషన్‌కి వెళ్ళే జవాన్లు భార్యాపిల్లలను తీసుకెళ్ళరు. ఎంబసీలో పోస్టింగ్ వచ్చినవాళ్ళు కుటుంబంతో వెళ్తారు కానీ, ఆ సంగతి వేరు. కాబట్టి ఆ ఆశ పెట్టుకోకుండా మిగతా ఏర్పాట్లు చూసుకో.

మా ఆయన 2018 మే నెలలో కాంగో వెళ్ళారు. అక్కడ గోమా అని ఒక ఊరు, పక్కనే పెద్ద చెరువులాంటి కివూ సరస్సు, ఊరి వెనక నైరగోంగో అనే అగ్నిపర్వతం. అప్పుడు మా పాపకి నాలుగేళ్ళు నిండాయి, బాబుకి ఎనిమిది నెలలు. అంటే సరిగ్గా నీ పరిస్థితే. నేను ఉద్దానంలో, పలాస-కాశీబుగ్గకి దగ్గరలో ఉన్న అత్తవారి ఊరికి వచ్చేశాను.

ఎక్కడ ఉండాలి అన్నదానికి నా లెక్క ఒకటే. అర్ధరాత్రి పిల్లాడికి ఒళ్ళు కాలిపోతుంటే ఎవరి తలుపు కొడతావు? ఆ మనిషి ఎక్కడుంటే అక్కడ ఉండు. అద్దె, కరెంటు బిల్లు, స్కూలు ఇవన్నీ తర్వాత. క్వార్టర్లలో ఆ మనిషి దొరకరని నేను అనను. లైన్లలో పక్కింటి అక్కలు సొంతవాళ్ళకంటే ఎక్కువ చేసిన రోజులు నాకూ ఉన్నాయి. కానీ ఒకటి గుర్తుపెట్టుకో, బెటాలియన్ మొత్తం మిషన్‌కి వెళ్తే నీ చుట్టూ ఉన్న ఇళ్ళలో కూడా మగవాళ్ళు ఉండరు. అందరి చేతుల్లోనూ చంటిపిల్లలే. పాప రెండో క్లాసో మూడో క్లాసో అయితే చదువు చెడగొట్టకుండా ఎస్.ఎఫ్. క్వార్టర్, అంటే భర్త దూరంగా డ్యూటీలో ఉన్నప్పుడు కుటుంబానికి ఇచ్చే ఇల్లు, పెట్టించుకుని అక్కడే ఉండమనేదాన్ని. కేంద్రీయ విద్యాలయంలో ఒకటో క్లాసుకి ఆరేళ్ళు నిండాలి కదా, మీ పాపకి ఇంకా టైముంది. ఏడు నెలల బాబుతో అయితే ఊరికి రావడమే మంచిదని నా అభిప్రాయం.

ఊరికి వస్తే కష్టాలు లేవని కాదు. మా పాప అక్కడ హిందీ పిల్లలతో పెరిగింది. ఇక్కడ అంగన్‌వాడీకి పంపితే "పానీ, పానీ" అని అడిగేది, మిగతా గుంటలు నవ్వేవారు. పది రోజులు వెళ్ళనని ఏడ్చింది. ఆయాకి ఒకసారి విషయం చెప్పాను. ఆవిడ పాపని పక్కన కూర్చోబెట్టుకుని, అందరిచేతా హిందీలో ఒకటి రెండు మూడు చెప్పించింది. దాంతో మా పాప వాళ్ళకి టీచర్ అయిపోయింది. నెల తిరిగేసరికి ఇంట్లో కూడా మన యాసే.

ఇంకో కష్టం డబ్బు. "ఫారిన్ వెళ్ళాడంట" అనే మాట ఊళ్ళో పాకిన మర్నాటి నుంచే అప్పులు అడిగేవాళ్ళు వస్తారు. ఆయన వెళ్ళే ముందే మేము కూర్చుని, ఈ డబ్బు పాత బాకీకి, ఇంటి స్లాబుకి అని మాట్లాడుకున్నాం. ఆ మాట మా అత్తమామల ముందే అనుకున్నాం. అందుకని అడిగినవాళ్ళకి మా మావయ్యే చెప్పేవారు, నాకు ఆ గొడవ రాలేదు. నీ అత్తవారింట్లో కూడా ఆయన ఉన్నప్పుడే ఇది తేల్చుకో.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. ఆయన దగ్గర ఏదీ దాచకు, ఆయన్నీ నీ దగ్గర దాచనివ్వకు. ఈ మాట నేను దెబ్బ తిని నేర్చుకున్నది.

జూలైలో ఒక రాత్రి మా బాబుకి జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయి. కళ్ళు తేలేశాడు, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. ఇంట్లోవాళ్ళు చేతిలో తాళంచెవి పెట్టారు, ఒకరు నోట్లో చెంచా పెట్టబోయారు. మా మావయ్య ఆటో తెచ్చేలోపే ఫిట్స్ ఆగిపోయాయి. కాశీబుగ్గలో డాక్టరు గారు చెప్పింది నీకూ పనికొస్తుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ వరకు కొందరు పిల్లలకి జ్వరంలో ఇలా వస్తుంది, చాలామందికి ఏ హానీ చేయకుండా పోతుంది. పిల్లాడిని పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గట్టిగా అదిమి పట్టుకోకూడదు, ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే ఒక్క క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆగిపోయినా మొదటిసారి వస్తే డాక్టరుకి చూపించాలి.

ఆ సంగతి నేను ఆయనకి చెప్పలేదు. అంత దూరంలో ఉన్న మనిషికి టెన్షన్ ఎందుకు అనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత మా ఊరి అబ్బాయే ఒకడు, వేరే యూనిట్‌లో ఉన్నవాడు, "అన్నా, మీవాడికి ఇప్పుడు ఎలా ఉంది?" అని ఆయనకి మెసేజ్ పెట్టాడు. ఆ రోజు ఆయన ఫోన్లో కోప్పడలేదు. "నువ్వు చెప్పకపోతే నేను రోజూ అన్నీ ఊహించుకోవాలి" అన్నారు, అంతే. తర్వాత నెల రోజులు ఫోన్ చేసిన ప్రతిసారీ బాబుని వీడియోలో చూపించమనేవారు. వాడు నిద్రపోతున్నాడంటే నమ్మేవారు కాదు, కెమెరా వాడి ముక్కు దగ్గర పెట్టమనేవారు.

ఆయనా దాచారు. ఆగస్టు 1న ఆ ప్రాంతంలో, ఉత్తర కివూలో ఎబోలా వచ్చిందని ప్రకటించారు. నేను టీవీలో చూసి తెలుసుకున్నాను. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. మర్నాడు అడిగితే, "అది బెని వైపు, మాకు చాలా దూరం" అన్నారు. ముందే ఎందుకు చెప్పలేదంటే ఆయన దగ్గరా నా జవాబే, టెన్షన్ పడతావని. అప్పుడు ఫోన్లోనే ఒక మాట అనుకున్నాం. ఏం జరిగినా ఆ రోజే చెప్పుకోవాలి, దానికి ఏం చేశామో కూడా అదే ఫోన్లో చెప్పాలి. ఉత్త కబురు చెప్పి పెట్టేయకూడదు. ఎబోలా గాలిలో రాదని, జబ్బు పడినవాళ్ళ రక్తం, వాంతులు లాంటివి తగిలితేనే వస్తుందని, దారిలో ఆపి జ్వరం చూస్తున్నారని, క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగిస్తున్నారని ఆయన వివరంగా చెప్పాక నాకు నిద్ర పట్టింది.

అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. మీ టెక్కలి వైపు కూడా చూసే ఉంటారు. తెల్లవారుజామున తీరం దాటిందన్నారు కానీ, మాకు రాత్రంతా ఒకటే హోరు. పెంకులు లేచిపోతుంటే పిల్లలిద్దరినీ మంచం కింద పెట్టుకుని కూర్చున్నాం. తెల్లారి తలుపు తీస్తే కొబ్బరిచెట్లు, జీడిచెట్లు, పనసచెట్లు ఎక్కడివక్కడ పడి ఉన్నాయి. కరెంటు లేదు, సెల్ టవర్లు పనిచేయలేదు. ఎప్పుడూ మనం వాళ్ళ గురించి భయపడతాం కదా, ఆ నాలుగు రోజులు ఆయన అక్కడ మా గురించి భయపడ్డారు. న్యూస్‌లో పలాస పేరు వినిపిస్తోంది, ఫోన్ కలవడం లేదు.

నాలుగో రోజు మా తమ్ముడు మోటార్‌సైకిల్ మీద శ్రీకాకుళం వైపు బయలుదేరాడు. వెళ్ళేముందు నా ఫోన్లోనే వాట్సాప్‌లో మాటలు రికార్డు చేసి ఇచ్చాను. సిగ్నల్ దొరికినచోట అదే వెళ్ళిపోతుంది కదా. ముందు పాపచేత "నాన్నా, నేను బాగున్నాను, తమ్ముడు బాగున్నాడు" అనిపించాను. తర్వాత నేను, ఇంటి పైకప్పు సగం పోయిందని, జీడితోట మొత్తం పడిపోయిందని, మావయ్య కాలికి రేకు గీసుకుంటే కుట్లు వేయించామని, బియ్యం ఉన్నాయని అన్నీ చెప్పాను. తోట సంగతి ఇప్పుడు చెప్పొద్దని మా అత్తమ్మ అన్నారు. చెప్పేశాను. "తోట పోయిందని కూడా చెప్పావు కాబట్టే పిల్లలు బాగున్నారన్న మాట నమ్మాను" అని తర్వాత ఆయన అన్నారు.

పిల్లల దగ్గర కూడా ఇదే. పాపకి ఏమని చెప్పాలి అన్నావు కదా, నేను చేసిన తప్పు నువ్వు చేయకు. ఆయన వెళ్ళేటప్పుడు జీడిపళ్ళ కాలం. "మన పెరట్లో జీడిచెట్టు మళ్ళీ కాస్తే నాన్న వచ్చేస్తాడు" అని పాపకి చెప్పాను. నాలుగేళ్ళ పిల్లకి ఏడాది అంటే ఏం తెలుస్తుందని అలా అన్నాను. అది రోజూ వెళ్ళి చెట్టుని చూసుకునేది. తిత్లీకి ఆ చెట్టు వేళ్ళతో సహా పడిపోయింది. పాప దాని పక్కన నిలబడి, "ఇంక నాన్న రాడా అమ్మా?" అంది. నేను ఆ ఏడాదిలో ఎన్నోసార్లు ఏడ్చాను కానీ అంతలా ఎప్పుడూ ఏడవలేదు. నాన్న వచ్చేది చెట్టు వల్ల కాదమ్మా, ఆయన డ్యూటీ అయిపోతే ఆయన ఆఫీసరు పంపిస్తారు అని చెప్పాను. పిల్లకి అది బాగానే అర్థమైంది. మొదటే అలా చెప్పాల్సింది.

అప్పటి నుంచి పండగలతో లెక్క పెట్టాం. దీపావళి, నాగులచవితి, సంక్రాంతి, అరసవల్లిలో రథసప్తమి, శివరాత్రి. ఒక్కో పండగకి నాన్నకి ఒక బొమ్మ గీసి ఫోటో పంపేది. తేదీ మాత్రం చెప్పకు. తిరుగు ప్రయాణాలు వెనక్కి జరుగుతుంటాయి, మాకు మూడు వారాలు జరిగింది. విమానం దిగి ఢిల్లీ నుంచి ఆయన ఫోన్ చేసేదాకా పిల్లకి ఫలానా రోజు అని నేను చెప్పలేదు.

ఫోన్ టైము సంగతి. దక్షిణ సూడాన్‌కీ మనకీ మూడున్నర గంటల తేడా, మాకు గోమాతో కూడా అంతే. మనకి రాత్రి ఎనిమిది అయితే అక్కడ సాయంత్రం నాలుగున్నర, డ్యూటీలో ఉంటారు. మాకు కుదిరింది పొద్దున్న తొమ్మిదిన్నర, అక్కడ ఆరు. పిల్లలు తిని హుషారుగా ఉండే టైము. ఎప్పుడైనా రాత్రి పదింటికి చేస్తే అక్కడ అప్పుడే చీకటి పడి ఊరి వెనక అగ్నిపర్వతం కొండ మీద ఎర్రటి వెలుగు కనిపించేది. "నాన్న ఊళ్ళో కొండ మీద పొయ్యి వెలిగించారు" అని పాప ఊరంతా చెప్పుకొచ్చింది. ఒకటి ముందే అనుకోండి, ఫోన్ రాని రోజు అంటే నెట్ లేని రోజు, అంతే. ఏదైనా జరిగితే యూనిట్ నుంచి కబురు వస్తుంది. మిషన్లలో ప్రమాదం లేదని నేను అబద్ధం చెప్పను, ఇన్నేళ్ళలో మనవాళ్ళు 160 మందికి పైగా ప్రాణాలు ఇచ్చారు. అందుకే ఈ మాట ముందే అనుకోవాలి. లేకపోతే ఫోన్ రాని ప్రతి రాత్రీ నరకమే.

బాబు సంగతికి మాత్రం మనసు గట్టి చేసుకో, మీ ఆయనకి కూడా చెప్పి పంపించు. మావాడికి నాన్న అంటే ఫోనే. ఫోన్ చూపించి "నాన్న" అనేవాడు. ఆయన నిజంగా వచ్చి గుమ్మంలో నిలబడితే వాడు నా కొంగులో దూరి ఏడ్చాడు, తర్వాత ఫోన్ తీసుకొచ్చి అందులో నాన్నని చూపించమన్నాడు. ఏడాది పాటు ఆ క్షణం కోసం ఎదురుచూసిన మనిషి ముఖం చూడలేకపోయాను. అత్తమ్మ వాడిని ఎత్తి ఆయన చేతుల్లో పెట్టబోతే ఆయనే వద్దన్నారు. రోజూ అరుగు మీద కూర్చుని తాటిముంజలు ఒలిచి పాపకి పెడుతూ, ఒకటి పక్కన ఉంచేవారు. వాడు దూరం నుంచి చూసి వెళ్ళిపోయేవాడు. రెండు వారాలు దాటాక ఒకరోజు వచ్చి ఆయన చేతిలోంచే తీసుకున్నాడు, రసమంతా ఆయన చొక్కా మీద కార్చుకుంటూ అక్కడే కూర్చుని తిన్నాడు.

ఇంక ఆయన బయలుదేరే లోపు అయిపోవాల్సినవి. బాబు పుట్టినట్టు సర్వీస్ రికార్డులో ఎక్కించే పార్ట్ టూ ఆర్డర్ పడిందో లేదో చూసుకోండి. అది లేకుండా వాడికి డిపెండెంట్ కార్డు రాదు. ఆధార్‌లో, సర్వీస్ రికార్డులో నీ పేరు, పిల్లల పేర్లు అక్షరం తేడా లేకుండా ఉండాలి. మన ఇంటిపేర్లు ఒకచోట పొడి అక్షరంగా, ఒకచోట పూర్తిగా రాసేస్తారు, నాకు దానితోనే ఐదు నెలలు పట్టింది. ఆయన సంతకం కావాల్సిన కాగితం అంత దూరం వెళ్ళి రాదు కదా. జీతం పడే అకౌంట్‌లో నీ పేరు కూడా కలిపించుకో. మిలట్రీ ఆసుపత్రి అంటే మనకి విశాఖలో నేవీవాళ్ళ ఐ.ఎన్.హెచ్.ఎస్. కళ్యాణి, పలాస నుంచి రైలులో మూడు గంటల పైనే. రాత్రిపూట అవసరానికి టెక్కలిలో ఏ డాక్టరు ఉంటారో రాగానే కనుక్కో. బాబుకి తొమ్మిది నెలలు నిండాక ఎం.ఆర్. (తట్టు, రుబెల్లా) టీకా ఉంది, టీకా కార్డు సామానులో కాకుండా హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని రా. ఊళ్ళో ఆశా కార్యకర్తకి అది చూపిస్తే మిగతాది ఆమె చూసుకుంటుంది.