‘ఎప్పుడైనా వెళ్ళొచ్చులే’ అనకు

చిట్టీ,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న ఫోన్లో "సెమిస్టర్ ఎప్పుడు మొదలైందో ఎప్పుడు అయిపోయిందో తెలీలేదు పెద్దమ్మా, గుర్తుంచుకోడానికి ఒక్కటీ లేదు" అన్నావు. పక్కన మీ పెదనాన్న ఉన్నారని అప్పుడేమీ అనలేదు. ఇలాంటి మాట వింటే ఆయనకి "చదువుకోమను" అనడం తప్ప ఇంకోటి రాదు. అందుకే రాస్తున్నాను.

ముందు లెక్క చూసుకో. సెమిస్టర్ పదహారు వారాలనుకుందాం. మిడ్స్ రెండు, వాటి ముందు వారాలు, రికార్డులు, పండక్కి ఇంటికి రావడం తీసేస్తే నీ చేతికి మిగిలేది ఎనిమిదో తొమ్మిదో ఆదివారాలు. అందులో సగం బట్టలుతుక్కోడానికీ నిద్రకీ పోతాయి.

నేను బెజవాడలో డిగ్రీ చదివిన మూడేళ్ళలో ఉండవల్లి గుహలు చూడలేదు. ప్రకాశం బ్యారేజీ దాటి కాస్త ముందుకెళితే అవే. "ఇక్కడే కదా, ఎప్పుడైనా వెళ్ళొచ్చులే" అని ప్రతి నెలా అనుకున్నాం. చివరికి నలభై దాటి, మోకాళ్ళ నొప్పి మొదలయ్యాక, ఊరి నుంచి వచ్చిన చుట్టాలకి చూపించడానికి వెళ్ళాను. కొండని తొలిచి నాలుగంతస్తులు చేశారు. మెట్లెక్కి వెళితే మసక చీకట్లో అనంతపద్మనాభస్వామి పడుకుని ఉంటాడు. ఎంతో బాగుంది. కానీ హాస్టల్ గదిలో నాతో ఉన్న ముగ్గురిలో ఒక్కరూ పక్కన లేరు. చుట్టాలేమో భోజనానికి టైమైపోతోందని ఒకటే గొడవ.

కాబట్టి పెద్ద ట్రిప్పుల సంగతి వదిలెయ్. గోవా ప్లాన్ వాట్సాప్ గ్రూపులోనే పుడుతుంది, అక్కడే పోతుంది. పన్నెండు మందికి ఒక రోజు కుదరదు. ఇద్దరు ముగ్గురిని పట్టుకో, వారంలో ఒక పూట మీదని అనుకోండి, వాన పడినా మానకండి.

మా పూట శనివారం సాయంత్రం, ఏలూరు రోడ్డు. పాత పుస్తకాల కొట్లు తిరిగేవాళ్ళం. కొనేది తక్కువ, బేరం ఎక్కువ. ఒకసారి ఒక ఎకనామిక్స్ పుస్తకం కొంటే లోపల బస్సు టిక్కెట్టు దొరికింది. దాని వెనక పెన్సిల్‌తో "ఈసారైనా పాస్ చెయ్యి స్వామీ" అని ఉంది. ఆ స్వామి ఎవరో, ఆ పిల్లవాడు పాసయ్యాడో లేదో! పరీక్షలకు ముందు రోజు రాత్రి మేం నలుగురం ఆ మాట అనుకుని పడుకునేవాళ్ళం. ఇప్పటికీ మాలో ఎవరింట్లో ఆపరేషన్ ఉన్నా, పెళ్ళిచూపులున్నా ఫోన్ చేసి అదే అంటాం. లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల కొట్లకి నువ్వూ వెళ్ళు. జనవరి మొదట్లో పుస్తక మహోత్సవం కూడా ఉంటుంది, కానీ అక్కడ బేరాలు సాగవు.

తిండికి గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ ఇడ్లీ, పైన వెన్నతో. పొద్దున్నే వెళ్ళు.

వానాకాలం సెమిస్టర్లో ఎగువ నుంచి వరద వచ్చినప్పుడు ప్రకాశం బ్యారేజీకి ఉన్న 70 గేట్లూ ఎత్తుతారు. ఆ రోజు క్లాసయ్యాక వెళ్ళి చూడు. తుంపర మొహానికి కొడుతుంది, పక్కనున్న వాళ్ళతో కూడా అరిచి మాట్లాడాలి. చూడ్డం వరకే. ఎవరు పందెం కాసినా సరే, నీళ్ళలో దిగొద్దు. కృష్ణలో పైకి ఏమీ కనబడదు, లోపల లాగేస్తుంది. ఇందులో నేను బేరానికి రాను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా వీధిలో ఉండే కాలేజీ పిల్లలు మూడు రోజులు పులిహోర పొట్లాలు కట్టారు. మొదటి రోజు ఉప్పు వెయ్యడం మర్చిపోయారు! ట్రాక్టర్ మీద తీసుకెళ్ళి నడుం లోతు నీళ్ళలో పంచి వచ్చారు. ఆ సెమిస్టర్ గురించి అడిగితే ఫ్రెషర్స్ డే, ఫెస్ట్ ఎవరూ ఎత్తరు. ఉప్పు లేని పులిహోర గురించే చెబుతారు. అంటే వరద రావాలని కాదు తల్లీ. మీ కాలేజీలో ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ఉంటే పేరివ్వు, నలుగురితో కలిసి చెమటోడ్చే పని ఏదో ఒకటి దొరుకుతుంది.

మీ రూమ్మేట్‌ది మంగళగిరి అన్నావుగా, ఒక శనివారం వాళ్ళింటికి వెళ్ళు. ఆ ఊళ్ళో గుంట మగ్గం మీద నేసే చోటు ఎక్కడైనా ఉంటే చూపించమను. ఆ చీరలు కట్టుకోవడమే గానీ నేసేటప్పుడు నేనూ చూడలేదు.

బంక్ కొట్టొద్దని చెప్పను, మేమూ కొట్టాం. 75 శాతం అటెండెన్స్ మాత్రం వేళ్ళ మీద లెక్కేసుకుని కొట్టు. హాజరు తగ్గినందుకు కండొనేషన్ ఫీజు కట్టమని మీ నాన్నని అడిగే రోజు కూడా గుర్తుండిపోతుంది, వద్దు.

ఫోటోలు ఎన్ని తీస్తావో నీ ఇష్టం. రాత్రి పడుకునే ముందు రెండు లైన్లు మాత్రం రాయి: ఎవరెవరు వెళ్ళారు, ఏం తిన్నారు, డబ్బులెవరిచ్చారు. నా ఖర్చుల పుస్తకంలో ఒక పేజీలో "టీ టూ బై త్రీ, నేనే ఇచ్చా, మళ్ళీ!" అని ఉంది. ఆ "మళ్ళీ" చూస్తే ఎవరి మీద కోపమో ఇప్పటికీ గుర్తొస్తుంది. ఆవిడ ఇంకా ఇవ్వలేదు.

ఈ ఆదివారం మన ఇంటికి రా. గోంగూర పచ్చడి పెట్టాను. నా సీసాలు మూడు నీ దగ్గరే ఉన్నాయి, అవి తెస్తేనే ఇస్తాను.

మీ పెద్దమ్మ